లిండెన్ చెట్టు కింద: మధ్యయుగ ప్రేమగీతాల్లో సమ్మతి ప్రశ్న

జర్మన్ నేల మీద పుట్టిన రెండు పాటల్లో ఒకే చెట్టు ఉంది. మొదటి పాట వాల్టర్ ఫాన్ డేర్ ఫోగెల్వైడెది. పన్నెండో శతాబ్దం చివర, పదమూడో శతాబ్దం మొదట్లో పాడిన కవి ఆయన. ఆ పాటలో ఒక అమ్మాయి లిండెన్ చెట్టు కింద ప్రియుడితో గడిపిన పొద్దును తలుచుకుంటుంది. నలిగిన గడ్డి, విరిగిన పూలు ఇంకా అక్కడే ఉన్నాయట. జరిగింది ఆమెకీ, అతనికీ, కొమ్మ మీది పిట్టకీ తప్ప ఎవరికీ తెలియదట. సిగ్గూ సంతోషమూ కలిసిపోయిన గొంతు అది.

రెండో పాట రాసిందెవరో తెలియదు. 1230 ప్రాంతంలో తయారై, 1803లో బెనెడిక్ట్‌బోయెర్న్ మఠంలో బయటపడిన రాతప్రతిలో అది ఉంది. ఆ ప్రతినే మనం కార్మినా బురానా అంటాం. 1937లో కార్ల్ ఓర్ఫ్ అందులోంచి కొన్ని పాటలు ఏరి కట్టిన సంగీతం ఇవాళ సినిమాల్లోనూ వాణిజ్య ప్రకటనల్లోనూ మోగుతూనే ఉంటుంది. ఈ పాట మాత్రం అంత ప్రసిద్ధం కాదు. ఒక పాదం జర్మన్, ఒక పాదం లాటిన్‌గా సాగుతుంది. ఇక్కడా మాట్లాడేది అమ్మాయే. పూలు కోసుకుందామని పచ్చికలోకి వెళ్లింది. ఒకడు చెయ్యి పట్టుకున్నాడు. మొదట మర్యాదగానే పట్టుకున్నాడు, తర్వాత లాగాడు, బట్ట లాగాడు, చెట్టు కిందికి తీసుకుపోయాడు. చరణం ముగిసినప్పుడల్లా ఆమె దారి పక్కన ఉన్న లిండెన్ చెట్లకు శాపం పెడుతుంది. ఆ శాపమే పల్లవి, అయినా అది హుషారుగా, గుంపు అందుకుని పాడేటట్టు ఉంటుంది. ఈ పాటను సరదా పాటగానే చదివిన పండితులు తక్కువమంది కారు.

మధ్యయుగ గీతాల్లో ప్రేమ, సమ్మతి అనే అంశం మీద పరిశోధనకు దిగే విద్యార్థికి ఈ రెండు పాటల మధ్య దూరాన్ని కొలవడమే పని. అది ఒక్క తేడా తేల్చితే తీరే పని కాదు. రెండు పాటల్లోనూ అమ్మాయి గొంతే ఉంది. వాల్టర్ పాట రాసింది మగవాడు. రెండోది రాసింది కూడా లాటిన్ చదువుకున్న మతాధికారో, మఠం విద్యార్థో అయివుండాలి. అంటే ఇష్టమూ మగవాడు ఊహించిందే, అయిష్టమూ మగవాడు ఊహించిందే. అలాంటప్పుడు మనం వింటున్నది ఎవరి మాట?

ఇక్కడికి రాగానే ఒక అభ్యంతరం ఎదురవుతుంది, అదీ తరచూ పరీక్షకుల వైపు నుంచే. సమ్మతి అనేది ఈ కాలపు భావన, దాన్ని ఎనిమిదొందల ఏళ్ల వెనక్కి మోసుకుపోవడం చరిత్రకు అన్యాయం అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ అసలు సంగతి తిరగేసి ఉంది. ఐరోపా చరిత్రలో సమ్మతి గురించి అంతగా తల బద్దలు కొట్టుకున్న కాలాలు మరి కొన్నే. 1140 ప్రాంతంలో బొలోన్యాలో గ్రేషియన్ అనే పండితుడు చర్చి శాసనాలను ఒకచోట కూర్చినప్పుడు, పెళ్లిని పెళ్లి చేసేదేమిటన్న ప్రశ్న ముందుకొచ్చింది. కలయికా, మాటా? పారిస్‌లో పీటర్ లొంబార్డ్ మాటే అన్నాడు. 1159 నుంచి 1181 దాకా పోప్‌గా ఉన్న మూడో అలెగ్జాండర్ ఆ మాటకు చట్టబలం ఇచ్చాడు. వయసొచ్చిన ఇద్దరు వర్తమాన కాలంలో ‘నిన్ను స్వీకరిస్తున్నాను’ అనుకుంటే చాలు, పెళ్లయిపోయినట్టే. పూజారి లేకపోయినా, సాక్షులు లేకపోయినా, తండ్రి ఒప్పుకోకపోయినా అది పెళ్లే. వయసంటే ఆడపిల్లకు పన్నెండు, మగపిల్లాడికి పద్నాలుగు. ఆ అంకె చూసి మనకు ఒళ్లు జలదరిస్తుంది, అది వేరే సంగతి. క్రియాపదం కాలం మీద ఆస్తులూ వారసత్వాలూ తలకిందులవుతుంటే, 1215లో నాలుగో లాటరన్ సభ చాటుమాటు పెళ్లిళ్లను నిషేధించి, ముందుగా చర్చిలో చాటింపు వెయ్యాలంది. నిషేధించింది గానీ చెల్లవని మాత్రం అనలేకపోయింది. మాటకు అంత బలం ఇచ్చేశాక వెనక్కి తీసుకోవడం కష్టం.

మనకు మౌనం అర్ధాంగీకారం అనే మాట ఉంది. 1298లో పోప్ ఎనిమిదో బోనిఫేస్ వెలువరించిన ధర్మసూత్రాల్లో కూడా దానికి తోబుట్టువు ఉంది: నోరు మెదపనివాడు ఒప్పుకున్నట్టే లెక్క. మనవాళ్లు కనీసం సగమే అన్నారు.

కాబట్టి ఆ కాలానికి సమ్మతి తెలియదనడం కుదరదు. ఎవరి సమ్మతి, దేనికి, ఎన్నిసార్లు అన్నదే అడగాల్సింది. పెళ్లికి ఒకసారి అవునంటే తర్వాత ప్రతి రాత్రికీ అవునన్నట్టే. దాన్ని దాంపత్య రుణం అన్నారు, ఇద్దరూ ఒకరికొకరు తీర్చాల్సిన బాకీ. పెళ్లి బయట కథ ఇంకోలా ఉంది. లాటిన్‌లో రాప్తుస్ అనే ఒకే మాట బలాత్కారానికీ చెల్లింది, పిల్లను ఎత్తుకుపోవడానికీ చెల్లింది. పిల్ల తనంతట తాను ప్రియుడితో వెళ్లిపోయినా తండ్రి దృష్టిలో అది రాప్తుసే. ఇంగ్లండ్‌లో 1275 నాటి మొదటి వెస్ట్‌మిన్‌స్టర్ శాసనం ఈ నేరానికి రెండేళ్ల జైలు అంది, 1285 నాటి రెండోది ఉరిదాకా వెళ్లింది. అంతకుముందు నుంచే న్యాయగ్రంథాలు స్త్రీ ఏం చెయ్యాలో చెబుతున్నాయి: వెంటనే కేకలు వేసి ఊరిని లేపాలి, చిరిగిన బట్ట చూపించాలి. కార్మినా బురానా పాటలో ఆ లాగిన బట్ట ఊరికే వచ్చిందా? ఏది సాక్ష్యమో ఆ రాసినవాడికి తెలుసు. తెలిసే దాన్ని పాటలో పెట్టాడు, పెట్టి నవ్వించాడు.

ఇక ప్రేమ సంగతి. ఈ రంగంలో పరిశోధన చాలాకాలం ఒక పదం చుట్టూ తిరిగింది. 1883లో గాస్తోన్ పారిస్ అనే ఫ్రెంచ్ పండితుడు లాన్సెలాట్ కథ గురించి రాస్తూ ‘దర్బారు ప్రేమ’ అనే మాటను చలామణిలో పెట్టాడు. పై మెట్టు మీద రాణి, కింద మెట్టు మీద మోకరిల్లిన యోధుడు. 1936లో సి.ఎస్. లూయిస్ దాన్ని ఐరోపా మనసునే మార్చేసిన విప్లవంగా చూశాడు. 1960ల్లో డి.డబ్ల్యు. రాబర్ట్‌సన్ అసలు అలాంటిదేమీ లేదు, అది పండితుల కల్పన అన్నాడు. స్త్రీవాదులు వచ్చాక వాదం ఇంటి లోపలికి మళ్లింది. 1977 నాటి ప్రసిద్ధ వ్యాసంలో జోన్ కెల్లీ, ఆ దర్బారు ప్రేమలో పై తరగతి స్త్రీకి కొంత చోటు దొరికిందనీ పునరుజ్జీవన కాలంలో అదీ పోయిందనీ వాదించింది. జార్జ్ ద్యుబీ మాత్రం ఇదంతా మగవాళ్లు మగవాళ్లతో ఆడుకున్న ఆట అన్నాడు. దొర భార్యను పొగడటం దొరను మెప్పించడానికేనట. 1991లో హోవర్డ్ బ్లాక్ ఇంకో అడుగు వేసి, స్త్రీని ఆకాశానికెత్తడమూ నేలకేసి కొట్టడమూ ఒకే నాణేనికి రెండు ముఖాలని రాశాడు. ఆ వాదం నన్ను పూర్తిగా ఒప్పించలేదు. ఎత్తినచోటా కొట్టినచోటా ఉన్నది ఒకే స్త్రీ కాదు. ఈ రంగం ఆలస్యంగా గమనించింది దాన్నే.

ట్రూబడూర్ల పాటలో దొరసాని కాదంటుంది. ఆమె కాదనబట్టే పాట పుడుతుంది. అవునంటే కవికి పని లేదు. దక్షిణ ఫ్రాన్స్‌లో ఆక్సిటన్ భాషలో పాడిన ఆ కవులవి సుమారు 2,500 పాటలు మిగిలాయి. వాటిలో ఎక్కువ భాగం ఆ నిరాకరణ చుట్టూ అల్లిన తీగలే. ఆమె కాదనడానికి విలువ ఉంది, దాని ముందు మగవాడు ఏళ్ల తరబడి నిలబడతాడు. అదే కవి గుర్రం ఎక్కి పొలిమేర దాటాక, గొర్రెలు కాస్తున్న పిల్ల కనబడిందనుకోండి. పాట మారిపోతుంది. ఆ రకం పాటను పాస్తురెల్ అన్నారు. మనం కాపరిపిల్ల పాట అనుకోవచ్చు. మొదలు దాదాపు ఎప్పుడూ ఒకటే: మొన్నొకరోజు దారిన పోతుంటే ఒక పిల్ల కనిపించింది. తర్వాత బేరం, పొగడ్త, బహుమతి. పిల్ల కాదంటుంది. ఆ తర్వాతే దారులు చీలతాయి.

ఉత్తర ఫ్రాన్స్‌లో, పాత ఫ్రెంచ్‌లో, ఇవి నూటయాభై పైచిలుకు మిగిలాయి. సుమారు ఐదో వంతు పాటల్లో యోధుడు బలవంతం చేస్తాడు. 1985 నుంచీ కాథరీన్ గ్రావ్‌డల్ దీన్ని పట్టుకుంది. 1991లో ఆమె పుస్తకం వచ్చింది. అంతకుముందు ఈ పాటలను వసంతోత్సవాలుగా, జానపద వినోదంగా, వర్గాల మధ్య సరసంగా చదివేవారు. గ్రావ్‌డల్ అడిగింది చిన్న ప్రశ్న: బలాత్కారం అని పాటలోనే రాసి ఉంటే దానికి మీరు ఇంకో పేరెందుకు పెడుతున్నారు? పాట హుషారూ, పిట్టల కూతలూ, చివర్లో పిల్ల నవ్వుతూ మళ్లీ రమ్మనడమూ, అన్నీ జరిగినదాని మీద కప్పిన దుప్పటి అని ఆమె వాదం. 1987లో రెండు సంపుటాల్లో వివిధ భాషల పాస్తురెల్‌లను కూర్చిన విలియం పేడెన్ వంటివారు లెక్క దగ్గరా, అర్థం దగ్గరా విభేదించారు. ఏది బలవంతం, ఏది లొంగుబాటు, ఏది ముందే ఒప్పుకున్న నాటకం అన్న గీత ఎక్కడ గీస్తే అంకె అక్కడ మారుతుంది. అది మారినా ఆ పాటలు ఎక్కడికీ పోవు.

ఆండ్రెయాస్ కపెలానుస్ అనే మతాధికారి 1180ల్లో ప్రేమ గురించి లాటిన్‌లో ఒక శాస్త్రమే రాశాడు. దొరసానితో ఎలా మాట్లాడాలో పేజీలకు పేజీలు సంభాషణలు కూర్చాడు. రైతు స్త్రీ దగ్గరికొచ్చేసరికి అధ్యాయం చిన్నదైపోయింది. మంచి చోటు చూసుకుని కాస్త బలవంతం చెయ్యి, వాళ్ల సిగ్గుకు అదే మందు అన్నాడు. వ్యంగ్యంగా రాశాడని కొందరంటారు, కావచ్చు. ఆ వ్యంగ్యం అర్థం కావాలన్నా చదివేవాడికి ఆ అలవాటు ముందే తెలిసి ఉండాలి కదా. దొరసాని కాదంటే అది కవిత్వం, కాపరిపిల్ల కాదంటే అది కథలో ఒక మలుపు.

దక్షిణ ఫ్రాన్స్ కాపరిపిల్ల మాత్రం వేరు. పన్నెండో శతాబ్దం రెండో పాదంలో పాడిన మార్కబ్రూ పాటలో యోధుడు ఆమెను గాలికి చలేస్తుందేమోనని పలకరిస్తే, నేను గట్టిదాన్నేనంటుంది. నీ రూపం చూస్తే నీ తండ్రి ఎవరో దొరే అయివుంటాడని పొగిడితే, మా వంశం అంతా కొడవలీ నాగలీ పట్టినవాళ్లే, పెద్దింటి బిడ్డలమని చెప్పుకునే కొందరు కూడా అదే పనికి తగుదురని తిప్పికొడుతుంది. కాస్త సొమ్ముకు కన్యాత్వాన్ని అమ్ముకుని చెడ్డపేరు తెచ్చుకోనంటుంది. అతను మాట వేస్తే ఆమె మాట వేస్తుంది, చరణం చరణానికీ గెలుస్తుంది. మన కూచిపూడి గొల్లకలాపంలో గొల్లభామ బ్రాహ్మణుణ్ణి నిలబెట్టి పిండోత్పత్తి దగ్గర్నుంచి యజ్ఞందాకా పాఠం చెబుతుందే, ఆ దబాయింపు ఎరిగినవాళ్లకు ఈ పిల్ల కొత్తది కాదు. అక్కడ వాదం వేదాంతం, ఇక్కడ వాదం ఒళ్లు. రెండుచోట్లా పై కులంవాణ్ణి పశువులు కాసే ఇంటి ఆడది మాటతో కట్టేస్తుంది. రెండుచోట్లా ఆ మాటలు రాసిచ్చింది మగవాడే. మార్కబ్రూ నీతిబోధకుడు, దర్బారుల చెడునడత మీద విరుచుకుపడేవాడు. ఈ పిల్ల నోట తన తిట్లే పెట్టాడని చాలామంది చదువుతారు. నిజమే కావచ్చు. కానీ కాదన్న ఆడదాని మాట అంత పదునుగా ఉండగలదని ఊహించాడంటే, వినేవాళ్లకు అది నమ్మశక్యంగానే తోచి ఉండాలి. తెలుగులో ‘ఒల్లను’ అనే పాత మాట ఉంది. కుదరదనో వీల్లేదనో కాదు దాని అర్థం, నాకు ఇష్టం లేదని. మార్కబ్రూ పిల్ల చెప్పేది సరిగ్గా అదే.

మరి ఆడవాళ్లే రాసుకున్న పాటలు? ఆక్సిటన్‌లో ఇరవైమంది దాకా కవయిత్రుల పేర్లు తెలుసు. వాళ్లను త్రొబైరిట్స్ అంటారు. 1976లో మెగ్ బోగిన్ సంకలనంతో మామూలు పాఠకులకూ వాళ్లు పరిచయమయ్యారు. పాటలెన్ని అన్నదానికి ఎవరి లెక్క వాళ్లది, పేరు లేని పాటలో ఆడగొంతు వినిపిస్తే దాన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలన్నది తేలక. వాళ్లలో దియా కౌంటెస్‌వి నాలుగు మిగిలాయి. ఒక పాటలో ఆమె భర్త స్థానంలో తన యోధుణ్ణి పక్కలో పడుకోబెట్టుకోవాలని బాహాటంగా కోరుకుంటుంది. కోరుకుని వెంటనే ఒక షరతు పెడుతుంది: నేను ఏం చెయ్యమంటే అది చేస్తానని ముందు మాట ఇవ్వాలి. సమ్మతి గురించి పరిశోధించేవాళ్లు ఈ షరతు దగ్గర ఇంకాసేపు ఆగాలనిపిస్తుంది. మగకవులు స్త్రీకి అవును, కాదు అని రెండే గదులు కట్టారు. ఈవిడ మూడోది తెరిచింది: అవును, కానీ నేను చెప్పినట్టు.

క్షేత్రయ్య పదాలు తెలిసినవాళ్లకు ఈ గొంతు విన్నట్టే ఉంటుంది. అక్కడా మువ్వగోపాలుడితో బేరమాడే, అలిగే, తలుపు వేసేసే నాయిక ఉంది; ఆమె నోటికి మాటలు ఇచ్చింది మగవాడు. 1994లో వచ్చిన ఇంగ్లీషు అనువాద సంపుటంలో రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్ ఈ పదాలను దేవుడు విటుడిగా వచ్చే లోకంగా చదివారు. అయితే పదాన్ని శతాబ్దాలపాటు తమ ఒంటితో, అభినయంతో మోసింది స్త్రీలు. అందుకే రాసింది ఎవరన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు, పాడింది ఎవరన్నదీ అడగాలి. ఐరోపా మధ్యయుగ గీతాలకు ఈ రెండో ప్రశ్న వేస్తే చేతికి చాలా కొద్దిగా వస్తుంది. ట్రూబడూర్ల పాటల్లో పదోవంతుకే బాణీలు మిగిలాయి. త్రొబైరిట్స్ మొత్తంలో బాణీ దొరికిన పాట ఒక్కటే, దియా కౌంటెస్‌దే.

సంగీతం దగ్గరకొచ్చేసరికి సాహిత్య పరిశోధకులు పక్కకు తప్పుకుంటారు. నా ఫిర్యాదు ఇదే. పదమూడో శతాబ్దపు ఫ్రెంచ్ మోటెట్‌లో రెండు మూడు గొంతులు ఒకేసారి వేర్వేరు మాటలు పాడతాయి. పై గొంతులో రోబాన్, మరియోన్ అనే కాపరిజంట సరసం నడుస్తుంటే కింది గొంతు చర్చి కీర్తనలో ఒక ముక్కను సాగదీస్తూ ఉంటుంది. ఒక్కోసారి అది మేరీమాత స్తోత్రం. సిల్వియా హువోట్ 1997 పుస్తకంలో ఈ రెంటి మధ్య ఆటను వివరంగా చూపించింది. పొలంలో చిక్కిన మరియోన్ గొంతు కింద కన్య మేరీ మోగుతుంటే అది వెక్కిరింతా, ఓదార్పా? దేవదూత వచ్చినప్పుడు మేరీ అవునంది. ఆ అవును మీదే క్రైస్తవం నిలబడిందని వినేవాళ్లందరికీ తెలుసు. ఆ అవునును కింద పెట్టి మీద కాపరిపిల్ల కాదును పాడించడం యాదృచ్ఛికం అంటే నమ్మలేను. పాటను కాగితం మీద మాటలుగానే చదివే సిద్ధాంత గ్రంథం దీన్ని వినలేదు.

ఇలాంటి పఠనాన్ని వెనక్కి లాగే ఉదాహరణ కూడా ఒకటుంది, ఇది పాటలది కాదు. 1873లో ఫర్నివాల్ అనే పండితుడు ఒక దస్తావేజు బయటపెట్టాడు. 1380 మేలో సెసిలీ చాంపేన్ అనే స్త్రీ, కవి జెఫ్రీ చాసర్‌ను తన రాప్తుస్‌కు సంబంధించిన అన్ని దావాల నుంచీ విముక్తుణ్ణి చేస్తున్నట్టు రాసిచ్చిన కాగితం అది. ఆ ఒక్క మాట మీద నూటయాభై ఏళ్లు వాదన జరిగింది. చాసర్ బలాత్కారి అని కొందరూ, ఎత్తుకుపోవడమే అని కొందరూ. 2022లో యూవన్ రోజర్, సెబాస్టియన్ సొబెకీ అనే పరిశోధకులు కొత్త కాగితాలు బయటపెట్టారు. చాంపేన్, చాసర్ ఆ వ్యవహారంలో ఒకే పక్షాన ఉన్నారు. తన దగ్గర పని మానేసి చాసర్ దగ్గర చేరిందని ఆమె పాత యజమాని ఇద్దరి మీదా కూలీల శాసనం కింద దావా వేశాడు. అంతకాలం అందరూ తూచిన మాట వెనక ఉన్నది పని, జీతం, యజమాని అన్నమాట. దీన్ని పట్టుకుని స్త్రీవాద పఠనం అంతా తప్పని ఎగిరినవాళ్లు ఉన్నారు. అది తొందరపాటు. ఆ పఠనమే లేకపోతే ఆ కాగితాల కోసం ఎవరూ వెతికేవారే కారు. కాకపోతే ఒక కాగితం మీది ఒక మాటతో మనిషి కథ తేల్చెయ్యకూడదు, పాటతో అయితే అసలే తేల్చకూడదు. ఇది జరిగిందా అని పాటను అడగలేం. ఈ కాదు అన్న మాట నీకెందుకు కావలసి వచ్చింది అని అడగవచ్చు.

ఇటీవలి పనిలో అలా అడిగినవాళ్లలో కారిస్సా హారిస్ ముఖ్యురాలు. 2018లో వచ్చిన ఆమె పుస్తకం ఇంగ్లీషు, స్కాట్స్ బూతుపాటలను పాఠాలుగా చదువుతుంది. మగవాళ్ల గుంపులో అవి బలవంతాన్ని నేర్పాయి. అదే పాటలోని అమ్మాయి మాట, వినే అమ్మాయిలకు ఎలా బేరమాడాలో, ఎలా వద్దనాలో నేర్పి ఉండవచ్చు. ఒకే పాట ఇద్దరికి రెండు చదువులు చెప్పిందన్న ఈ మాట గ్రావ్‌డల్‌ను కాదనదు, ఆమె ఆపినచోటు నుంచి ముందుకు తీసుకెళుతుంది.

ఆ కాలంలోనే పాటను ఇలా నిలదీసే పని చేసిన స్త్రీ ఉందని మరవకూడదు. క్రిస్తీన్ ద పిజాన్ పారిస్‌లో కలంతో బతికిన వితంతువు. 1403లో ఆమె కాపరిపిల్ల పాటను తలకిందులు చేసి, పిల్లే తన కథ చెప్పుకునే కావ్యం రాసింది. యోధుడు బలవంతం చెయ్యడు, మర్యాదస్తుడే. అయినా చివరికి ఎదురుచూపూ దుఃఖమూ ఆమెకే మిగులుతాయి. 1405 నాటి స్త్రీల నగరం పుస్తకంలోనైతే, ఆడవాళ్లకు లోలోపల బలవంతమే ఇష్టమన్న వాదాన్ని ఎదురుగా నిలబెట్టి, పాత కథలు సాక్ష్యంగా తెచ్చి ఖండించింది. ఆ కాలంవాళ్లకు తెలియదన్న అభ్యంతరానికి పరీక్షకుల ముందు పెట్టడానికి ఇంతకంటే మంచి కాగితం దొరకదు.

నాకు మాత్రం ఈ రంగం మొత్తంలో ఎక్కువ గుర్తుండేది గిరౌట్ రికియే అనే ట్రూబడూర్ పాడిన ఆరు పాటల వరస. 1260 నుంచి 1282 దాకా, ఇరవై రెండేళ్లలో, ఆయన ఒకే కాపరిపిల్లను ఆరుసార్లు కలిసినట్టు పాడాడు. మిగతా పాస్తురెల్‌లలో పిల్లకు నిన్న లేదు, రేపు లేదు. గుర్రం దాటిపోగానే ఆమె కథ అయిపోతుంది. ఇక్కడ ఆమెకు వయసు వస్తుంది, పెళ్లవుతుంది, బిడ్డ పుడుతుంది, యాత్రలకు పోయివస్తుంది. ప్రతిసారీ కవి అడుగుతాడు, ప్రతిసారీ ఆమె కాదంటుంది, ప్రతిసారీ ఇంకో కారణంతో, ఇంకో చమత్కారంతో. చివరి పాటలో కవి వానకు తడిసి ముద్దై సెయింట్-పోన్స్ అనే ఊళ్లో పూటకూళ్ల ఇంటికి చేరతాడు. కాపరిపిల్ల ఇప్పుడు ఆ ఇంటి యజమానురాలు. పక్కన ఎదిగిన కూతురు నిలబడి ఉంటుంది.